మొదటి చెయ్యి

(పదకొండో భాగం)

పోయిన వారం మనం శివను ఊరి చావడి అరుగు మీద వదిలిపెట్టి వచ్చాం. పెద్దలు ఇచ్చిన ఇనప పానాను ఒళ్ళో పెట్టుకుని, పక్కన టీ చల్లారిపోతున్నా చూడకుండా కూర్చున్నాడు. ఆ పానాతో అతను విప్పాల్సింది సొంత బావ పడవ ఇంజనుని.

చినపాలెంలో పట్టిన ప్రతి చేపా ఊరి వేలంపాటకే రావాలి. ఏడాదికోసారి పాట దక్కించుకున్న వ్యాపారే కొంటాడు. అతను కట్టిన సొమ్ము ఊరి నిధిలో పడుతుంది. తుపానుకి పడవ పోయినవాళ్ళకీ, ఆసుపత్రి పాలైనవాళ్ళకీ ఆ నిధే దిక్కు. శివ బావ ఏడుకొండలు మూడు నెలలుగా ఆ కట్టుబాటు దాటి, పండుగప్పలూ పెద్ద రొయ్యలూ పాయ మధ్యలోనే వేరే ఊరి పడవకి మంచి ధరకి అమ్మేస్తున్నాడు. పెద్దలు పిలిచి అడిగితే కాదనలేదు. “ఒడ్డుకొచ్చిన చేపకే కదా పాట? నీళ్ళ మీదున్న చేపతో ఊరికేంటి పని?” అన్నాడు. తాను నిజంగానే తప్పు చెయ్యలేదని అతని నమ్మకం. ఆ నమ్మకమే పెద్దలకి ఒళ్ళు మండించింది. ఇంజను విప్పి ఏడాది పాటు ఊరి పాకలో పెట్టాలని తీర్పయింది.

ఇలాంటి జప్తుకి ఆ ఊళ్ళో ఒక పద్ధతుంది. తప్పు చేసినవాడి దగ్గరి చుట్టం మొదటి చెయ్యి వెయ్యాలి. అతను ఒక్క బోల్టు వదులు చేసేదాకా మిగతావాళ్ళు వస్తువునీ ముట్టకూడదు, మనిషినీ ముట్టకూడదు. పగతో చేశారన్న మాట రేపు ఎవరూ అనకుండా తాతల నాడు పెట్టుకున్న ఏర్పాటది. ఏడుకొండలుకి అన్నదమ్ములు లేరు. ఉన్నది బామ్మర్ది ఒక్కడే.

ఆ ఇంజను ఆగిపోతే ఏమవుతుందో శివకి బాగా తెలుసు. అక్క వెంకటలక్ష్మికి రొమ్ములో క్యాన్సరు. ఆపరేషన్ సర్కారు ఆరోగ్య కార్డు మీద అయిపోయింది. రూపాయి తీసుకోలేదని ఊరంతా సంతోషించారు. అసలు ఖర్చు ఆ తర్వాత మొదలైంది. కార్డులో లేని స్కానింగులు, బందరులో కొనే బిళ్ళలు, విజయవాడలో ఆసుపత్రి పక్క వీధిలో గది అద్దె, వెళ్ళిన ప్రతిసారీ బావకి పోయే వేట రోజులు. ఎండాకాలంలో జబ్బు కాలేయంలోకి పాకిందన్నారు. కొత్త సూది మొదలుపెట్టారు. ఇరవై ఒక్క రోజులకొకటి, ఒక్కొక్కటి ముప్పై వేలు. మూడో సూది సోమవారం. ఆ రోజు శుక్రవారం.

పోటు ఎక్కుతున్న వేళ ఇంటికొక మగాడు చొప్పున నలభై మంది పాయ గట్టు మీదికి వచ్చారు. ముందు ఊరి పెద్ద బాబ్జీ, అతని వెనక శివ. ఆడవాళ్ళు వలలు ఆరేసే చోట గుంపుగా నిలబడ్డారు.

ఏడుకొండలు పడవలోనే ఉన్నాడు. నీలం పట్టా కప్పిన ఇంజనుకి అడ్డంగా నిలబడి తెడ్డు రెండు చేతులా పట్టుకున్నాడు. రాత్రంతా అక్కడే ఉన్నట్టున్నాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“అక్కడే ఆగండి.”

“తెడ్డు కింద పెట్టరా ఏడుకొండలూ,” అన్నాడు బాబ్జీ. “పెద్దమనిషిలా దిగిరా.”

“సోమవారం దాటనివ్వు మావయ్యా. మంగళవారం పొద్దున్నే నేనే విప్పి నీ గుమ్మంలో పెడతాను.”

“మూడు వారాలు తిరిగితే ఇంకో సోమవారం వస్తుంది కదరా! ఆ సూదికి ఆఖరంటూ ఉందా?”

ఏడుకొండలు తెడ్డు దించలేదు. బాబ్జీ గొంతు పెంచాడు.

“ఊరు నీకేం తక్కువ చేసింది? ఆపరేషనయ్యాక మందులకి ఇంటికింతని వేసుకుని ఇచ్చాం. నిధిలోంచి రెండుసార్లు ఇచ్చాం. నిధి ఎక్కణ్ణించి వచ్చింది? పాట నుంచి. పాట ఎందుకు నిలబడింది? అందరూ ఒడ్డుకి తెచ్చారు కాబట్టి. నీ ఇంటికొచ్చిన జబ్బే ఈ ఊళ్ళో ఇంకో ఇద్దరికుంది. వాళ్ళూ నీలాగే చేస్తే రేపు ఎవడికైనా ఏం పెట్టి ఇస్తాం?”

“నీళ్ళ మీద చేప వేరంటగా బాబ్జీ!” వెనక నుంచి ఎవరో అందుకున్నారు. “కొండలన్న ప్లీడరీ ఎప్పుడు చదివాడో! బందరు కోర్టులో కుర్చీ వేయిద్దాం!”

నలుగురు నవ్వారు. ఆడవాళ్ళ గుంపులోంచి దయామణి గొంతు లేచేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. ఆమె మొగుడికి గొంతులో పుండు.

“మా ఆయనకి మందులు ఆపేసి నెలయింది కొండలూ. నీళ్ళ మీద అమ్ముకుందామంటే మాకు పడవ కూడా లేదు.”

ఏడుకొండలు ఆమె వైపు చూడలేకపోయాడు. చూపు తిప్పుకుంటే శివ కనబడ్డాడు. అంతే, ముఖమంతా మారిపోయింది.

“ఓహో! మా బామ్మర్ది పానా పట్టుకుని బయలుదేరాడే! ఒరేయ్, పద్నాలుగేళ్ళప్పుడు వల విసరడం రాక నీళ్ళలో పడితే జుట్టు పట్టుకుని పైకి లాగిందెవర్రా?”

“నువ్వే బావా.”

“వదిలెయ్యాల్సింది. తప్పు చేశాను.”

“బావా, నా మాట విను. నేను చెయ్యి వెయ్యకపోతే నన్నూ వెలేస్తారు. ఇంజను పోతే పోయింది, సోమవారానికి నేను ఎలాగోలా...”

“ఏం అమ్ముతావురా? నీ దగ్గర ఆ చిన్న పడవ తప్ప ఏం మిగిలింది?” ఏడుకొండలు గొంతు చీలిపోయింది. “నీళ్ళ మీద అమ్ముతున్నానని నేను చెప్పింది ఇద్దరికే. మీ అక్కకీ, నీకూ. మూడో చెవిన పడలేదు. మరి వీళ్ళకెలా తెలిసింది? చెప్పరా! ఎంతకి అమ్మావురా నన్ను?”

వారం రోజులుగా శివనీ తొలుస్తున్న ప్రశ్న అదే. తాను చెప్పలేదు. మరి ఎవరు?

“పద,” అన్నాడు బాబ్జీ మెల్లగా.

శివ బురదలోకి దిగాడు. మోకాలి లోతు దిగబడుతూ నాలుగడుగులు వేసి పడవ అంచు పట్టుకున్నాడు.

తెడ్డు గాలిలో లేవడం చూశాడు. బావ కొట్టడనే అనుకున్నాడు.

ఎడమ భుజం మీద పడింది దెబ్బ. లోపల ఎండు కట్టె విరిగిన చప్పుడు శివకి చెవులతో కాక పళ్ళతో వినబడింది. వెల్లకిలా బురదలో పడ్డాడు. లేచాడు. రెండో దెబ్బ చెవి మీదుగా తగిలి, సగం లోకం మూగబోయింది. అయినా కుడి చేత్తో పానా వదల్లేదు. ఈసారి తెడ్డుని కుడి చంకలో ఇరికించుకుని తన వైపు లాగాడు. ఏడుకొండలు తూలి పడవలోంచి అతని మీద పడ్డాడు. ఇద్దరూ నీళ్ళలో మునిగారు.

నలభై మంది చూస్తూ నిలబడ్డారు. ఒక్కడూ కదల్లేదు. మొదటి చెయ్యి పడలేదు మరి.

“ఆపండి బాబ్జీ గారూ, చంపేసుకుంటారు!” దయామణి అరిచింది.

“బోల్టు వదులైతే గాని మనం ముట్టకూడదమ్మా.” బాబ్జీ ఉన్నచోటు నుంచి కదల్లేదు.

నీళ్ళ కింద బావ వేళ్ళు శివ గొంతు చుట్టూ ఉన్నాయి. వలలు లాగీ లాగీ మొద్దుబారిన వేళ్ళు. బురద నీళ్ళు ముక్కులోకి, నోట్లోకి పోతున్నాయి. ఒకసారి తల పైకొచ్చింది. “చెప్పరా!” అన్న కేక వినబడింది. మళ్ళీ కిందికి. నిజంగా చంపేస్తాడని శివకి అప్పుడు అర్థమైంది. కోపం కన్నా ముందు ఆశ్చర్యం కలిగింది. తర్వాత ప్రాణం తీపి లేచింది. ముఖానికి అడ్డమొచ్చిన చేతిని ఎముక తగిలేదాకా కొరికాడు. పట్టు సడలింది. మోకాలితో కడుపులో పొడిచి, పానాతో బావ నోటి మీద ఒక్కటిచ్చాడు. పన్ను ఊడిపోవడం పానా మీదుగా చేతికి తెలిసింది.

ఏడుకొండలు పక్కకి ఒరిగాడు. శివ ఒక్క చేత్తో పడవలోకి పాకాడు. పట్టా లాగి పారేశాడు. రక్తం కళ్ళలోకి కారుతుంటే తడుముకుంటూ బోల్టు మీద పానా పెట్టాడు. ఎన్నోసార్లు తానే బిగించిన బోల్టు అది. బరువంతా వేసి తిప్పాడు. కిర్రుమంది. కదిలింది.

ఆ చప్పుడు కోసమే ఆగినట్టు నలభై మందీ ఒక్కసారిగా బురదలోకి ఉరికారు.

పడవ వైపు వస్తారనుకున్నాడు శివ. ముందు ఏడుకొండలు మీద పడ్డారు. ఊరి మాట కాదన్నవాడు, నీళ్ళ మీద చేపకి లెక్క చెప్పినవాడు, తమ అందరి కన్నా పెళ్ళాం ప్రాణం ఎక్కువని చూపించినవాడు. గెడలతో కొట్టారు, కాళ్ళతో తొక్కారు. పోయినేడాది పెళ్ళాన్ని పురిట్లో పోగొట్టుకున్న కుర్రాడు ఒకడు ఏడుస్తూ కొట్టాడు. ఏడుకొండలు మొదట తిట్టాడు, తర్వాత చేతులు అడ్డం పెట్టుకున్నాడు, ఆ తర్వాత అదీ మానేశాడు.

“చాలు! ఇంజను తీసుకోండి, మనిషిని వదలండి!” శివ పడవలోంచి గొంతు చించుకున్నాడు. వాళ్ళని పిలిచింది తన చెయ్యే. ఆపడం మాత్రం ఆ చేతికి చేతకావడం లేదు.

“కొట్టండి! నన్ను కూడా కొట్టండి!”

గట్టు మీద నుంచి వచ్చిందా గొంతు. అరుపులా లేదు, దగ్గులా ఉంది. అయినా గెడలు ఆగాయి.

వెంకటలక్ష్మి చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని బురదలోకి దిగుతోంది. తలకి చుట్టుకున్న తువ్వాలు వెనక్కి జారింది, సరిచేసుకోలేదు. ఇంటి నుంచి పాయకి నడిచి వచ్చేసరికే ఆమెకి ఊపిరి అందడం లేదు. మనుషులు తప్పుకుని దారిచ్చారు. మొగుడి పక్కన కూలబడి, అతని తల ఒళ్ళోకి తీసుకుంది.

ఏడుకొండలు రక్తం ఉమ్మాడు. “చూశావా నీ తమ్ముడి నిర్వాకం? వాడే... వాడే చెప్పాడే వీళ్ళకి.”

“వాడు కాదు.” ఆమె కొంగుతో అతని నోరు తుడిచింది. “నేను చెప్పాను.”

పడవలో శివ పానా వదిలేశాడు.

“ఏంటే?”

“నేనే వెళ్ళి బాబ్జీ బాబాయ్ వాళ్ళావిడతో చెప్పాను. ఏ రోజున, ఎక్కడ, ఎన్ని కిలోలు, అన్నీ చెప్పాను. నీకు చెప్తే ఆగావా? ఎన్నిసార్లు చెప్పాను, ఇంక వద్దని? ఈ ఊళ్ళో నిన్ను ఆపగలిగింది ఊరి కట్టుబాటొక్కటే.”

బాబ్జీ తల దించుకున్నాడు. ఆ దించుకోవడంతోనే అది నిజమని అందరికీ తెలిసిపోయింది.

“ఎవరడిగారే నిన్ను?” ఏడుకొండలు లేవబోయి లేవలేకపోయాడు. “డాక్టరు తగ్గుతుందన్నాడు కదా!”

“తగ్గుతుందనలేదు. కొన్నాళ్ళు ఆగుతుందన్నాడు. నువ్వు నాకు మార్చి చెప్పావు. ఆసుపత్రిలో నా పక్క మంచం దుర్గాంబ గారి మొగుడు శేషగిరి మాస్టారు కాయితం చదివి ఉన్నదున్నట్టు చెప్పారు. గుడివాడలో ఇల్లమ్మేశారు వాళ్ళు. పింఛనొచ్చే పంతులు గారికే ఆ గతి! ఆయనే అన్నారు, ‘ఏ దేశంలో చూసినా ఇదే వరసటమ్మా, రోగి కన్నా ముందు ఇల్లు పోతోంది’ అని. అలా అని ఆవిడ వినకుండా వరండాలోకి వెళ్ళి ఏడ్చారు.”

“వాళ్ళ సంగతి మనకెందుకు?”

“మన సంగతే చెప్తాను విను. మన పిల్ల హరిణి ఫీజు కట్టలేదు. గుడ్లవల్లేరు కాలేజీకి ఫోను చేసి పిల్లని మానిపిస్తున్నాననీ, సర్టిఫికెట్లు ఇచ్చెయ్యమనీ అడిగావు. నేను నిద్రపోతున్నాననుకున్నావు. మన రెండు వైపులా ఇంజనీరింగు గుమ్మం తొక్కిన పిల్ల అదొక్కటే. దానికి మిగిలిన మూడేళ్ళ చదువు నా ఒంట్లోకి ఎక్కించుకుని నేను ఎన్ని నెలలు బతకాలి? ఆరా? ఎనిమిదా?”

“అది తర్వాతైనా చదువుకుంటుంది.” ఏడుకొండలు ఆమె చీర అంచు గుప్పిట బిగించాడు. “నువ్వు తర్వాత ఉండవు.”

ఆమె ఆ గుప్పిట మీద చెయ్యి వేసింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఎత్తిన గెడలు ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకుని నిలబడ్డారు.

చివరికి బాబ్జీయే గొంతు సవరించుకున్నాడు. “కానివ్వండి. మిగతా బోల్టులు తీసెయ్యండి. అమ్మాయి కోరిక కూడా అదేనాయె.”

ఇద్దరు పడవ ఎక్కబోయారు. శివ కుడి చెయ్యి అడ్డం పెట్టాడు. ఎడమ చెయ్యి తాడులా వేలాడుతోంది.

అక్క ఏం కోరుకుంటుందో ఇప్పుడు అతనికి తెలుసు. బావ ఏం కోరుకుంటున్నాడో గొంతు మీద వాచిన వేళ్ళ గుర్తులే చెబుతున్నాయి. వీళ్ళిద్దరిలో ఎవరిది సబబో ఆలోచించేంత చదువు అతనికి లేదు. అక్క బతికి ఉన్న సోమవారం ఒకటి, అక్క లేని సోమవారం ఒకటి, ఆ రెండే కనబడ్డాయి.

“ఆగండి బాబాయ్,” అన్నాడు. “అమ్మింది బావ కాదు. నేను.”

“ఏం కూస్తున్నావురా?”

“బావ పట్టిన సరుకు నా పడవలో వేసుకుని నేనే పాయ మధ్యకి తీసుకెళ్ళాను. ధర మాట్లాడింది నేను, డబ్బు తీసుకుంది నేను. బామ్మర్దినని నన్ను కాయడానికి బావ తన మీద వేసుకున్నాడు. కట్టుబాటు దాటింది నేనే. ఒప్పుకుంటున్నాను.”

బాబ్జీ పడవ దగ్గరికి వచ్చి, రక్తం కారుతున్న ఆ ముఖంలోకి చూశాడు. ముప్పై ఏళ్ళుగా తీర్పులు చెబుతున్న మనిషి. అబద్ధం వాసన పట్టలేనివాడు కాదు.

“ఒరేయ్ శివా,” అన్నాడు, పక్కవాళ్ళకి వినబడకుండా. “ఏమంటున్నావో తెలుసా? నీ పడవ పోతుంది. ఏడాది వెలి. నీతో ఎవడూ వేటకి రాడు, నీ ఇంటికి ఎవరూ నిప్పు కూడా ఇవ్వరు. మీ అమ్మ సుబ్బాయమ్మకి డెబ్బై దాటాయి. మీ ఆవిడకి నెలలు నిండుతున్నాయి.”

“తెలుసు బాబాయ్.”

“మాట వెనక్కి తీసుకో. విననట్టు ఉంటాను.”

“తీసుకోను.”

బాబ్జీ నిట్టూర్చి గుంపు వైపు తిరిగాడు. “విన్నారుగా. తప్పు ఒప్పుకున్నవాడు ఎదురుగా ఉండగా ఇంకొకడి వస్తువు ముట్టకూడదు. ఇంజను ఏడుకొండలుదే. బోల్టు బిగించెయ్యండి.”

గెడలు కిందికి దిగాయి. ఒకడు వంగి ఏడుకొండలుకి చెయ్యి అందించాడు, ఇందాక అతన్ని తన్నినవాడే. ఏడుకొండలు ఆ చెయ్యి అందుకోకుండా పడవ అంచు పట్టుకుని తనంతట తాను పైకి పాకాడు. పాకుతూ బామ్మర్ది కాలి మీద చెయ్యి వేసి అలాగే ఉంచాడు.

“అబద్ధం!” వెంకటలక్ష్మి లేచి నిలబడింది. “వాడు అబద్ధం చెబుతున్నాడు బాబాయ్! నేను చెప్పాను కదా మీకు! ప్రమాణం చేస్తాను!”

“అయిపోయిందమ్మా. ఇంటికెళ్ళి పడుకో.”

“నన్నెవరూ అడగరేంట్రా? చచ్చేది నేను కదరా!”

“మందుల వేడి తలకెక్కింది పాపం,” అన్నారెవరో.

ఆ మాట విని ఆమె బాబ్జీ వైపు నుంచి తిరిగింది. తమ్ముడి వంక చూసింది. చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పిన తమ్ముడు. తనని చంపినవాణ్ణి చూసినట్టు చూసింది. శివ ఆ చూపు తట్టుకోలేక తల తిప్పుకున్నాడు. పడవ కుదుపుకి మళ్ళీ ఇటు తిరిగేసరికి ఆమె పడవలోనే ఉంది. ఆర్నెల్లుగా బిందెడు నీళ్ళు కూడా మోయలేని మనిషి ఎలా ఎక్కిందో ఎవరూ చూడలేదు. ఇంజను తిప్పి స్టార్టు చేసే ఇనప హ్యాండిలు ఇందాకటిదాకా అడుగు చెక్క మీద పడి ఉండేది. ఇప్పుడది ఆమె రెండు చేతుల్లో ఉంది. తల మీదికి ఎత్తి ఉంది.

ఆమె చూస్తున్నది ఇంజను కింద డీజిలు గొట్టాన్ని, దాని పక్కనున్న పంపుని. అది ఒక్కటి పగిలితే ఈ సీజను మొత్తం ఆ ఇంజను లేవదు. పడవలో పెరిగిన మనిషికి ఆ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు.

“వద్దే లక్ష్మీ!” ఏడుకొండలు పంపు మీదికి అడ్డంగా దూకాడు.

“అక్కా!” శివ విరిగిన భుజంతోనే అదే చోటికి దూకాడు.

హ్యాండిలు బలంగా కిందికి దిగింది. ఇనుముకి ఇనుము తగిలిన చప్పుడు మాత్రం రాలేదు.